నెమలి అత్తరుదాన్: కరీంనగర్ పనా, కటక్ పనా? నిజంగా అంత పాతదా?

రాధిక_ఎం
మా నాయనమ్మ వెండి అత్తరుదాన్ (అత్తరు పెట్టుకునే డబ్బీ) నా వాటాకు వచ్చింది. నెమలి ఆకారం, ఒళ్లంతా తీగల అల్లిక, వీపు మీద చిన్న మూత. పాత వస్తువులు కొనే ఒకాయన చూసి "నిజాం కాలంది, వందేళ్లు దాటింది, కరీంనగర్ పక్కన ఎల్గందుల పని" అన్నాడు. మా అన్నయ్యేమో ఒడిశాలోని కటక్‌ది అంటాడు. ముద్ర ఎక్కడా లేదు. ఎలా తేల్చుకోవాలి?

పాతసామాను_ప్రియుడు
ముద్ర లేకపోవడమే మంచి గుర్తు. కొత్త సరుకైతే ఏదో ఒక ముద్ర ఉంటుంది. తీగల సందుల్లో నలుపు బాగా పట్టిందా? అయితే కచ్చితంగా నిజాం కాలమే.

గట్టుమీది_రాయి
మన కరీంనగర్‌దే. 2007లోనే జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది మనకు. కటక్ తారకసికి, అంటే అక్కడి వెండి తీగపనికి, 2024లో వచ్చింది. ఎవరు ముందో అక్కడే తెలియడం లేదా?

తీగపని_ఇంటివాడు
జీఐ అనేది రిజిస్ట్రేషన్ అయిన తేదీ, పని పుట్టిన తేదీ కాదు. కటక్ పని కూడా చాలా పాతదే.

నలుపు సంగతి: గాలిలో గంధకం ఉంటే వెండి నల్లబడుతుంది. దానికి వందేళ్లు అక్కర్లేదు. రబ్బరు బ్యాండు చుట్టి బీరువాలో పడేయండి, ఎంత త్వరగా "నిజాం కాలం" వస్తుందో చూడండి.

రాధిక గారూ, భూతద్దం పెట్టి చూడండి. వెండిని కమ్మచ్చులో (సన్న రంధ్రాలున్న ఇనుప పలకలో) లాగి సన్నటి తీగ తీస్తారు. రెండు తీగలు మెలిపెట్టి, అణచి, ఆ పట్టీని చుట్టలు చుట్టి చట్రంలో అమరుస్తారు. తర్వాత వెలిగారం వేసి అతుకుతారు. మెలి గరుకు కనిపిస్తే చేతిపని. పోత పోసిన నకలులో అది అంత స్పష్టంగా ఉండదు. కానీ చేతిపని అని తేలినా, వయసు తేలదు.

పాతసామాను_ప్రియుడు
ముద్ర గురించి మీరు జవాబు చెప్పలేదు.

తీగపని_ఇంటివాడు
వెంట్రుకంత తీగ మీద ముద్ర ఎక్కడ కొడతారండీ?

పాతసామాను_ప్రియుడు
అడుగున పీఠం ఉంటుంది. అక్కడ కొట్టొచ్చు.

కుంకుడుకాయ
చర్చ ఏదైనా కానివ్వండి, బ్రష్‌తో మాత్రం తోమకండి. తీగలు లేచిపోతాయి.

పాతసామాను_ప్రియుడు
నేను హైదరాబాద్ పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చూశాను, నిజాం పాలన జూబ్లీకి వచ్చిన కానుకల్లో తీగపని వస్తువులు ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియం కూడా చూశాను. నా కన్ను మోసపోదు. అసలు మాలాంటి సేకరించేవాళ్లు లేకపోతే ఇవన్నీ ఎప్పుడో మూసలో కరిగిపోయేవి. చేసినవాళ్లకే వాటి విలువ తెలియదు.

తీగపని_ఇంటివాడు
తెలియదా? మా నాన్న మెడ వంగిపోయేదాకా చేసిన పని ఇది. నెమలి తీసుకెళ్తే షాపు ఆయన తూకం వేసేవాడు, అతుకు బరువు తీసేసేవాడు, తరుగు అని ఇంకొంత తీసేసేవాడు. కూలి గ్రాముల లెక్కన. తీగ ఎంత సన్నగా తీస్తే పని అంత ఎక్కువ, బరువు అంత తక్కువ. అంటే మంచి పని చేసినందుకు తక్కువ డబ్బు! ఎనభైల్లో ఆయన చేసిన నెమలి, తోకలో ఒక ఈక వంపు వేరేగా పెట్టేవాడు, అదే నెమలిని తర్వాత ఒక పెద్ద ఊరి షాపు అద్దాల వెనక చూశాను. చీటీ మీద "నిజాం కాలం" అని ఉంది.

గట్టుమీది_రాయి
అంటే కరీంనగర్‌దే అన్నమాట!

పాతసామాను_ప్రియుడు
మీ ఇంటి కష్టం అర్థమైంది, కానీ దానికీ ఈ వస్తువుకూ సంబంధం లేదు. నిజం మాట్లాడుకుందాం. నిజాం పేరు చెబితే కొంటారు. మీ నాన్నగారి పేరు చెబితే ఎవరు కొంటారు?

తీగపని_ఇంటివాడు
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ముద్ర, నలుపు అని ఇంతసేపు తిప్పింది దీనికోసమేగా. చట్టం ప్రకారం పురావస్తువు అనాలంటే సాధారణంగా వందేళ్లు ఉండాలి, అందుకే అందరి నోటా వందేళ్లే వస్తాయి. చేసిన మనిషి బతికుంటే ఆ కథ అమ్ముడుపోదు. అందుకని మా నాన్నను ముందే చంపేశారు.

పాతసామాను_ప్రియుడు
నోరు అదుపులో పెట్టుకోండి. సేకరణకు కథ కావాలి. నేను కల్పించలేదు, కొనేవాళ్లు అడుగుతారు.

వేదిక_నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త తగ్గండి. తండ్రుల ప్రస్తావన ఇక వద్దు.

తీగపని_ఇంటివాడు
వాళ్ల ప్రస్తావన లేకుండా వస్తువు గురించి ఏం మాట్లాడాలి?

రాధిక_ఎం
భూతద్దంతో చూశాను. మెలి కనిపిస్తోంది. తోక ఈకలన్నీ ఒకేలా ఉన్నాయి. అమ్మడం సంగతి తర్వాత చూస్తా. కొంటానన్న ఆయనను "నిజాం కాలం, వందేళ్ల పైబడింది" అని సంతకం పెట్టి కాగితం మీద రాసివ్వమన్నాను. అప్పటినుంచి ఫోన్ ఎత్తడం లేదు.

పాతసామాను_ప్రియుడు
అలా ఎవరూ రాసివ్వరండీ. వ్యాపారం తెలియని మాట అది.