యాక్షన్ సినిమా అంటే ఆడవాళ్లు రారా? సొసైటీ హాల్లో ఏం వేయాలో తేల్చడం ఎలా

బెళ్లందూరు_సి‌బ్లాక్
మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపు నెలకో సినిమా వేస్తుంది. యాక్షన్ అనగానే "లేడీస్ రారు, ఫ్యామిలీ సినిమా పెట్టండి" అని కమిటీ తేల్చేస్తుంది. ఆడవాళ్లని అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. ఆ మాటకి ఆధారం ఉందా? సరిగ్గా అడగాలంటే ఎలా అడగాలి? "మా ఆవిడకి ఇష్టం, మా వదినకి పడదు" టైపు జవాబులు వద్దండీ, పనికొచ్చే వివరాలు కావాలి.

పట్టిక
ఆధారం కొంత ఉంది, కమిటీ అనుకున్నంత లేదు. 2017లో ఫ్రాంటియర్స్ ఇన్ సైకాలజీ పత్రికలో పీటర్ వ్యూర్ బృందం సరిగ్గా ఈ లెక్కే తీసింది. 17 రకాల సినిమాల పేర్లు చెప్పి, ఏవి ఆడవాళ్లకి నచ్చుతాయి, ఏవి మగవాళ్లకి నచ్చుతాయి అని కొందరిని అడిగారు. వేరే కొందరిని ఎవరిష్టం వాళ్లనే చెప్పమన్నారు. జనం 15 రకాల్లో తేడా ఉందనుకుంటే నిజంగా తేడా కనిపించింది 11లో. ఎవరు ఎటు మొగ్గుతారన్నది చాలావరకు సరిగ్గానే ఊహించారు. ఎంత మొగ్గుతారన్న దగ్గరే తప్పారు: 10 రకాల్లో ఉన్న తేడాని పెంచి చెప్పారు.

సగటులో తేడా ఉందంటే ఈ గుంపంతా ఇటు, ఆ గుంపంతా అటు అని కాదు. మీ హాల్లో కూర్చునే యాభై అరవై మంది గురించి ఆ సగటు చెప్పేది చాలా తక్కువ.

మడివాళ_మాట్నీ
కమిటీవాళ్లు సాధారణంగా థియేటర్‌ని చూపించి వాదిస్తారు: "చూడండి, మొదటి రోజు అంతా కుర్రాళ్లే." థియేటర్లో తలలు లెక్కపెడితే ఎవరికి ఇష్టమో తెలియదు, ఆ టైముకి ఇల్లు వదిలి రాగలిగేది ఎవరో తెలుస్తుంది. ఫ్యాన్స్ షో తెల్లవారుజామున. సెకండ్ షో వదిలేసరికి మెట్రో ఆగిపోయి ఉంటుంది, ఆటోవాడు చెప్పిందే రేటు. సెన్సార్‌వాళ్లు 'ఎ' (పెద్దలకి మాత్రమే) సర్టిఫికెట్ ఇచ్చారంటే పద్దెనిమిది లోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు. అప్పుడు పిల్లల దగ్గర ఎవరు ఉండిపోతారో చెప్పక్కర్లేదు కదా. అదే సినిమా ఓటీటీలోకి వచ్చాక ఇంట్లో కూర్చుని చూసేవాళ్లు ఎవరో ఏ కలెక్షన్ రిపోర్టులోనూ ఉండదు.

సినిమా వ్యాపారంలో "ఫ్యామిలీ ఆడియన్స్" అనే మాటలోనూ ఇదే తిరకాసు. ఆడవాళ్లు ఆదివారం మ్యాట్నీకి వస్తే ఫ్యామిలీ లెక్కలో పడతారు. అదే ఫైట్లు, అదే ఇంటర్వెల్ బ్యాంగ్ చూసి వెళ్లినా సరే.

కోరమంగళ_క్యూ
సర్టిఫికెట్ సంగతికి చిన్న చేర్పు. 2024 సెన్సార్ నిబంధనల తర్వాత యూఏని (పెద్దవాళ్ల తోడుతో పిల్లలు చూడదగ్గ సినిమాలకి ఇచ్చేది) వయసుని బట్టి మూడుగా విడగొట్టారు: 7+, 13+, 16+. అవి తల్లిదండ్రులకి సూచన మాత్రమే, 'ఎ' లాగా నిషేధం కాదు. యూఏ 13+ యాక్షన్ పెట్టి, పక్క గదిలో చిన్నపిల్లలకి బొమ్మల సినిమా వేయండి. అక్కడ ఇద్దరు పెద్దవాళ్ల డ్యూటీ ఉండాలి, ఆ డ్యూటీ మగవాళ్లకీ పడాలి. ఈ ఒక్క మార్పుతోనే హాల్లో లెక్క మారుతుంది.

పట్టిక
ఇక అడిగే పద్ధతి. వాట్సాప్ పోల్ పెట్టొద్దు, ఎవరు దేనికి ఓటేశారో పేర్లతో సహా కనిపిస్తుంది. అత్తగారు, పక్క ఫ్లాటు ఆవిడ చూస్తుండగా "నరుకుళ్లు నాకిష్టం" అని ఎవరు నొక్కుతారు? చీటీలే మేలు. ఇంటికొకటి కాదు, మనిషికొకటి. పేరు వద్దు, ఆడా మగా అన్నదీ వయసూ రాయమనండి, తేడా వయసు వల్ల కూడా రావచ్చు.

"యాక్షన్" అనే మాట చీటీ మీద ఉండకూడదు. ఆ మాట వినగానే ఒకరికి కత్తులూ రక్తం గుర్తొస్తాయి, ఇంకొకరికి కారు ఛేజ్. బదులుగా సినిమాల్లోంచి ఆరు ముక్కలు కోసి చూపించండి, ఒక్కోటి 90 సెకన్లు: చేతులతో కొట్టుకునేది, ఛేజ్, యుద్ధం, బ్యాంకు దోపిడీ, కామెడీ ఫైటు, స్లోమోషన్ ఎలివేషన్. హీరో ఇంట్రో ముక్క పెట్టారో, అది అభిమానం కొలత అవుతుంది, ఫైటు మీద ఇష్టం కాదు. ఒక్కోదానికి 0 నుంచి 10 మార్కులు. ముక్కల వరుస ఒక బ్యాచ్‌కి ఒకలా, ఇంకో బ్యాచ్‌కి ఇంకోలా మార్చండి, మొదటిదానికీ చివరిదానికీ మార్కులు అటూఇటూ అవుతాయి.

చీటీ వెనక ఇంకో ప్రశ్న: "రాకపోతే ఎందుకు?" టైము, పిల్లలు, సౌండ్, రక్తం, కథ. మీకు అసలు పనికొచ్చేది ఇదే. ఇరవై చీటీల లోపు వస్తే శాతాలు తీయకండి, ఉన్నవి ఉన్నట్టు చదవండి.

సబ్‌వూఫర్_సుత్తి
"సౌండ్" టిక్కులు చాలా వస్తాయి చూడండి. అందులో తప్పు సినిమాది కాదు, హాలుది. సినిమా థియేటర్‌ని ఒక్కో ఛానల్‌కి 85 డెసిబెల్స్ దగ్గర సెట్ చేస్తారు, పైన ఒక్కసారిగా వచ్చే పెద్ద చప్పుళ్లకి మరో 20 ఉంటుంది. టైల్స్ వేసిన కమ్యూనిటీ హాల్లో ఆ లెవెల్ పెడితే తల పగిలిపోతుంది. మీ దగ్గర జరిగేది ఇది: డైలాగ్ వినపడట్లేదని ఎవరో వాల్యూమ్ పెంచుతారు, వెంటనే ఫైటొచ్చి చెవులు మూసుకుంటారు, పెద్దావిడ లేచి వెళ్లిపోతారు, "లేడీస్‌కి యాక్షన్ పడదు" అని మినిట్స్‌లోకి ఎక్కుతుంది.

రిసీవర్‌లో సెంటర్ స్పీకర్ (డైలాగ్ ఎక్కువగా వచ్చేది దాన్లోంచే) ఒక్కటే 3 డెసిబెల్స్ పెంచండి, మొత్తం వాల్యూమ్ తగ్గించండి. నైట్ మోడ్ లేదా డైనమిక్ రేంజ్ కంప్రెషన్ (చిన్న చప్పుడుకీ పెద్ద చప్పుడుకీ తేడా తగ్గించేది) ఆన్ చేయండి. ఫోన్ యాప్‌తో మధ్య వరసలో చూసుకుంటే డైలాగ్ 65–70 దగ్గర, ఫైటు 90 దాటకుండా ఉండాలి. యాప్ అచ్చంగా కరెక్ట్ చెప్పదు, అయినా హద్దు తెలుస్తుంది. సబ్‌వూఫర్ (బేస్ వచ్చే స్పీకర్) మూలన పెడితే గుంయ్‌మంటుంది. గోడ పొడవులో పావు వంతు దగ్గరికి జరపండి. వెనక గోడకి మందపాటి కర్టెన్ వేసినా, దుప్పట్లు వేలాడదీసినా ప్రతిధ్వని తగ్గుతుంది.

కెమెరా ఊగే ఫైట్లకి ముందు వరసలో కళ్లు తిరుగుతాయి. సగటున ఆడవాళ్లకి మోషన్ సిక్‌నెస్ కాస్త ఎక్కువ, ఇక్కడ తేడా నిజమే. స్క్రీన్ వెడల్పుకి ఒకటిన్నర రెట్లు వదిలాకే మొదటి కుర్చీ వేయండి.

హెచ్ఎస్ఆర్_అక్క
మరి హీరోయిన్ ఫైట్లు చేసే సినిమా పెడితే సరిపోదా? 1970లో విజయలలిత 'రౌడీ రాణి', 1990లో విజయశాంతి 'కర్తవ్యం' ఉన్నాయి కదా. రెండోదానికి ఆవిడకి జాతీయ ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది.

మడివాళ_మాట్నీ
అవి మంచి ఉదాహరణలే అక్కా, కానీ "ఆడవాళ్లకి ఆడది కొట్టాలి" అనుకోవడం ఇంకో మూస. అవి ఆడించింది ఆడవాళ్లొక్కళ్లే కాదు. నేనైతే ఇంకోటి చూస్తాను: హీరోకి కోపం తెప్పించడానికి చెల్లెలినో ప్రియురాలినో అఘాయిత్యానికి గురిచేసే సీను ఉందా? చాలామంది లేచిపోయేది అక్కడే, ఫైటు దగ్గర కాదు. ముందే చూసి, ఏ నిమిషంలో ఉందో రాసి నోటీసులో పెట్టండి. వద్దనుకున్నవాళ్లు కాఫీకి వెళ్లొస్తారు.

ఫైటు కూడా ఎవరు ఎక్కడున్నారో అర్థమయ్యేలా ఎడిట్ చేసిందైతే అలవాటు లేనివాళ్లు కూడా కూర్చుంటారు. 2015 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్'లో కంటికి కావలసింది చాలావరకు ఫ్రేము మధ్యలోనే ఉంటుంది, అందుకే అంత వేగంలోనూ దారి తప్పం. దాన్ని ఎడిట్ చేసింది మార్గరెట్ సిక్సెల్, ఆస్కార్ కూడా ఆవిడకే వచ్చింది. కమిటీలో ఈ ముక్క చెప్పి చూడండి.

బెళ్లందూరు_సి‌బ్లాక్
థ్యాంక్సండీ అందరికీ. సినిమా ఎవరి ఓటీటీ అకౌంట్ నుంచైనా వేయొచ్చా?

కోరమంగళ_క్యూ
వేయకూడదు. ఆ చందా ఇంట్లో చూసుకోవడానికే. పదిమందికి హాల్లో వేయాలంటే హక్కులున్నవాళ్ల దగ్గర స్క్రీనింగ్ లైసెన్స్ తీసుకోవాలి, టికెట్ పెట్టకపోయినా సరే. కొత్త సినిమాకి ఖరీదెక్కువ, పాతదానికి బేరం కుదురుతుంది. చీటీలు వచ్చాక మొదటి మూడు ఎంపికలకీ రేటు అడగండి, ఒకటే అడిగితే ఇరుక్కుంటారు.