సెకండ్ హ్యాండ్ ఏటీవీ: ఇంజన్ లోపల ఏం మార్చారో విప్పకుండా తెలుసుకోవచ్చా?

మట్టిరోడ్డు:
పొద్దున్నుంచి దీని ముందే కూర్చున్నాను. ఆరు గంటలు పోయాయి, ఒక్క విషయం తేలలేదు. మూడు వారాల కింద 400 సీసీ ఏటీవీ (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. "ఇంజన్ కొంచెం పని చేయించాం, బండి దూకుతుంది" అన్నాడు అమ్మినాయన. ఏం చేయించారని అడిగితే తనకంటే ముందు ఓనరు చేయించాడట. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

సెల్ఫ్ కొడితే ఒక్క క్షణం బిగుసుకుపోయి, ఆ తర్వాత తిరుగుతుంది. ఇంజన్ వేడి మీద ఉంటే మరీ ఘోరం. థ్రాటిల్ వదిలితే సైలెన్సర్‌లో టపటపా పేలుతుంది. రివర్స్ గేర్ కూడా పీకేశారు. కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ప్రెషర్ కొలిచేది) పెడితే 120 పీఎస్‌ఐ చూపించింది. ఇది ఎక్కువా తక్కువా? లోపల ఏ పిస్టన్ ఉందో, ఏ క్యామ్ (వాల్వ్‌లు తెరిచే షాఫ్ట్) ఉందో తెలియక టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి.

ఫీలర్ గేజ్:
ఏ కంపెనీ? ఏ మోడల్? ఏ సంవత్సరం? థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూశారా? ఇవి లేకుండా 120కి అర్థం లేదు.

డిప్‌స్టిక్:
అన్నా, ఇంజన్ సంగతి తర్వాత. ముందు ఆయిల్ ఎలా చూస్తున్నారు? 400 సీసీ బండి అంటున్నారు కాబట్టి హోండా అయి ఉండొచ్చు. అదే అయితే డ్రై సంప్. ఆయిల్ ఇంజన్ అడుగున కాకుండా విడి ట్యాంకులో ఉంటుంది. బండి రాత్రంతా నిలబడితే కొంత ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి "తక్కువుంది" అనుకుని పోసేస్తారు, అక్కడే పొరపాటు. ఇంజన్ వేడెక్కే దాకా నడిపి, కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపిన వెంటనే చూడాలి. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ (ఇంజన్ గాలి వదిలే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్సులోకి వస్తుంది. ఫిల్టర్ తడిసి ముద్దవుతుంది. బండి సరిగ్గా స్టార్ట్ అవదు. జనం మాత్రం పిస్టన్‌ని తిడతారు.

మట్టిరోడ్డు:
హోండా 400ఈఎక్స్. 2006 మోడల్ అని చెప్పాడు. థ్రాటిల్ తెరవలేదు, తెరవాలా? చల్లటి ఇంజన్ మీదే చూశాను. ఆయిల్ సరిపడా ఉంది.

ఫీలర్ గేజ్:
తెరవాలి. మూసి ఉంటే సిలిండర్‌కి సరిపడా గాలి అందదు. ఇంజన్ వేడి చేసి, బ్యాటరీ నిండుగా పెట్టి, థ్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టి, సూది పెరగడం ఆగేదాకా సెల్ఫ్ కొట్టండి. ఛాసిస్ నంబరులో పదో అక్షరం ఏముంది?

పాత ఫిట్టర్:
రివర్స్ పీకేశారన్న మాట దగ్గర ఆగాను. 400ఈఎక్స్ 1999లో వచ్చినప్పుడు రివర్స్ లేదు. 2005 మోడల్ నుంచే పెట్టారు. లివర్ ఆనవాలే లేకపోతే ఎవరూ పీకలేదు, బండే పాతది. 17 అక్షరాల ఛాసిస్ నంబరులో పదో స్థానం మోడల్ సంవత్సరం. 6 ఉంటే 2006, 3 ఉంటే 2003. ఇది తేలకుండా ఏ పార్టూ ఆర్డర్ పెట్టకు తమ్ముడూ.

మట్టిరోడ్డు:
ఇప్పుడే బురద తుడిచి చూశాను. 3 ఉంది. మూడేళ్లు కొత్తదని చెప్పి అంటగట్టాడు. కంప్రెషన్ మళ్లీ చూశాను, మీరు చెప్పినట్టే. 185!

బురదచక్రం:
185 అంటే హై కంప్రెషన్ పిస్టన్ పక్కా. ఇంకా డౌటేంటి? బోర్ చేయించిన (సిలిండర్ లోపల కోసి వెడల్పు చేసిన) ఇంజన్ ఇది.

ఫీలర్ గేజ్:
పక్కా కాదు. గేజ్ చూపించేది ప్రెషర్, రేషియో (సిలిండర్ మొత్తం ఖాళీ, పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీకి ఎన్ని రెట్లో) కాదు. రెండూ ఒకటి కావు.

బురదచక్రం:
ప్రెషర్ పెరిగిందంటే రేషియో పెరిగినట్టే కదా బ్రో.

పాత ఫిట్టర్:
ఈ బండి విషయంలో అలా అనలేం. కంపెనీ క్యామ్ మీద ఆటో డీకంప్రెసర్ ఉంటుంది. సెల్ఫ్ కొట్టే వేగంలో ఎగ్జాస్ట్ వాల్వ్‌ని కాస్త ఎత్తి గాలి వదిలేస్తుంది, అందుకే మామూలుగా గేజ్ తక్కువే చూపిస్తుంది. ఆ ఏర్పాటు లేని క్యామ్ వేస్తే కంపెనీ పిస్టన్‌తోనే ప్రెషర్ ఎగబాకుతుంది, సెల్ఫ్ కూడా బిగుసుకుంటుంది. 185 చూస్తే మొదట నా అనుమానం క్యామ్ మీదికే పోతుంది.

చూడటం కష్టం కాదు. ప్లగ్ తీసెయ్యి, ట్యాపెట్ క్యాపులు (వాల్వ్‌ల మీది మూతలు) విప్పు, ఇంజన్‌ని చేత్తో మెల్లగా తిప్పు. కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్ పైకొస్తుంటే ఎగ్జాస్ట్ వైపు రాకర్ (వాల్వ్‌ని నొక్కే చేయి) ఒక్కసారి చిన్నగా కదిలి వదిలేయాలి. రెండు మూడు రౌండ్లు తిప్పినా కదలకపోతే డీకంప్రెసర్ లేనట్టే. అలాగే డయల్ గేజ్ పెట్టి వాల్వ్ ఎంత దిగుతోందో కొలిచి మాన్యువల్‌తో పోల్చు.

ఇంకొకటి. బిగుసుకోవడానికి టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ కొట్టే సమయం) ముందుకు జరపడం కూడా కారణం కావచ్చు. ఫ్లైవీల్ దగ్గర ఆఫ్‌సెట్ కీ (టైమింగ్ జరిపే చిన్న ముక్క) వేసేవాళ్లున్నారు. ఐడిల్‌లో టైమింగ్ లైట్ కొట్టి, ఫ్లైవీల్ మీది ఎఫ్ మార్కు (ఫైరింగ్ గుర్తు) ఎక్కడుందో చూస్తే తెలిసిపోతుంది.

బురదచక్రం:
సరే, క్యామ్ సంగతి ఒప్పుకుంటా. కానీ బోర్ కూడా చేయించే ఉంటారు.

ఫీలర్ గేజ్:
"బోర్ చేయించారు" అన్న మాటతోనే తికమక. లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) అరిగితే 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు కోసి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయడం రిపేరు. దాన్ని మోడిఫికేషన్ అనరు. బిగ్ బోర్ కిట్ వేరు, అది సీసీ పెంచడానికే. కంపెనీ బోర్ (సిలిండర్ వెడల్పు) 85, స్ట్రోక్ (పిస్టన్ ప్రయాణం) 70 మిల్లీమీటర్లు, అంటే 397 సీసీ. 87కి కోస్తే 416, 88కి 426, 89కి 435 పైన. ఆ 435నే 440 కిట్ అని పిలుస్తుంటారు.

బురదచక్రం:
మా దగ్గర రెండిటినీ బోర్ చేయించడమనే అంటాం. మాటదేముంది?

ఫీలర్ గేజ్:
కొనేవాడికి తేడా పడుతుంది. 0.25 కోసిన సిలిండర్‌ని ఇంకోసారి కోయించుకోవచ్చు. 89 దాకా పోయిన సిలిండర్‌కి ఆ అవకాశం మిగలకపోవచ్చు.

డిప్‌స్టిక్:
బోర్ పెరిగితే వేడి పెరుగుతుంది, ఈ ఇంజన్ ఎయిర్ కూల్డ్ అని మర్చిపోకండి. వేడిని మోసుకెళ్లేది ఆయిలే. అందుకే మొదట ఆయిల్ అన్నాను. ఎంత ఉందో ఆయన ఇంకా సరిగ్గా చూడలేదు.

పాత ఫిట్టర్:
పిస్టన్ గురించి విప్పకుండా రెండు దారులున్నాయి. ఒకటి, ప్లగ్ రంధ్రంలోంచి ఫోన్‌కి తగిలించే చిన్న బోర్‌స్కోప్ కెమెరా దించి పిస్టన్ నెత్తి చూడటం. బయటి కంపెనీల పిస్టన్ల మీద నంబర్లు కొట్టి ఉంటాయి. వైసెకో పిస్టన్ అయితే చివరి అంకెల్లోనే సైజు ఉంటుంది. 08500 అంటే 85.00, 08900 అంటే 89.00 మిల్లీమీటర్లు.

రెండోది ఆయిల్ కొలత. పిస్టన్‌ని కంప్రెషన్ టాప్‌లో నిలబెట్టి, ప్లగ్ రంధ్రం పైకి వచ్చేలా బండిని వంచి, సిరంజితో పలుచటి ఆయిల్ మర అడుగుదాకా నింపాలి. రింగుల పక్కనుంచి కారకముందే గబగబా చేయాలి. కంపెనీ రేషియో 9.1 కాబట్టి 397ని 8.1తో భాగిస్తే 49 సీసీ పట్టాలి. 43, 44 దగ్గరే నిండిందంటే లోపల మార్పు జరిగినట్టే. అయితే 88 బోర్‌లో 10.8 రేషియో ఉన్నా, 89 బోర్‌లో 11 ఉన్నా రెండిటికీ దాదాపు అంతే వస్తుంది. అందుకే కెమెరా కూడా కావాలి. కొలిచాక ఆయిల్ మొత్తం లాగేయకుండా సెల్ఫ్ కొట్టకు, పిస్టన్ పైకొచ్చి ఆయిల్ మీద గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఫీలర్ గేజ్:
ప్లగ్ తీసినప్పుడు పింగాణీ చూడండి. ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాలో గోలీలు ఊపినట్టు శబ్దం వస్తోందా?

మట్టిరోడ్డు:
వస్తోంది! అది చెయిన్ అనుకుని మీకు చెప్పలేదు. ప్లగ్ భూతద్దంతో చూశాను. తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. వాటి మధ్య రెండు మాత్రం వెండిలా మెరుస్తున్నాయి.

ఫీలర్ గేజ్:
బండి ఆపేయండి. మెరిసేది పిస్టన్ అల్యూమినియం. డెటొనేషన్ (పెట్రోల్ మిశ్రమం అదుపు తప్పి పేలడం) జరుగుతోంది. మామూలు పెట్రోల్ పోస్తున్నారా?

మట్టిరోడ్డు:
అవును, మామూలుదే. ఇన్నాళ్లూ అదే.

పాత ఫిట్టర్:
ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ వేసినా, కార్బురేటర్ చూడకుండా నడపొద్దు. ఎయిర్ బాక్స్ మూత ఉందా? సైలెన్సర్ కంపెనీదేనా? మూత తీసేసి, బయటి సైలెన్సర్ పెట్టి, మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే చిన్న రంధ్రం ముక్క) మార్చకుండా వదిలేస్తే మిశ్రమంలో పెట్రోల్ తగ్గి పలచబడుతుంది, డెటొనేషన్‌ ఇంకా పెరుగుతుంది. నీ టపటపా శబ్దానికి కూడా అదే కారణం కావచ్చు, లేదా సైలెన్సర్ జాయింటు దగ్గర లీకు. జెట్ మీద అంకె కొట్టి ఉంటుంది, మాన్యువల్‌తో పోల్చు.

మట్టిరోడ్డు:
మూత లేదు. సైలెన్సర్ బయటిదే. ఇది అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు, రాయాల్సింది. కెమెరా రేపు వస్తుంది.

(రెండు రోజుల తర్వాత)

మట్టిరోడ్డు:
కెమెరా దించాను. మొదట బొగ్గు తప్ప ఏమీ కనబడలేదు. కమ్మీకి దూది చుట్టి, కార్బ్ క్లీనర్‌లో ముంచి చాలాసేపు రుద్దాను. ముందు ఒక బాణం గుర్తు, తర్వాత అంకెల తోక. 8900. దానికి ముందున్నవి ఇంకా మసిలోనే ఉన్నాయి. ఇంజన్ నాలుగు సార్లు తిప్పి చూశాను, రాకర్ కదల్లేదు.

బురదచక్రం:
440 కిట్టే. చెప్పాను కదా!

పాత ఫిట్టర్:
క్లీనర్ అంత వాడావంటే సిలిండర్ గోడ మీద ఆయిల్ కడిగేసి ఉంటావు. స్టార్ట్ చేసే ముందు ఒక చెంచా ఇంజన్ ఆయిల్ వేసి చేత్తో తిప్పు. టైమింగ్ లైట్ కొట్టావా?

మట్టిరోడ్డు:
లేదు, ఇంకా దొరకలేదు. ఆయిల్ వేస్తాను. మెయిన్ జెట్ ఊడదీస్తే అది కంపెనీ నంబరే ఉంది, దాన్ని మార్చాక చెప్తాను. థాంక్స్ అన్నా.