కట్టెల పొయ్యి గొట్టం అతుకుల్లోంచి నల్లటి జిడ్డు కారుతోంది: ఏ ముక్క దేనిలో దూరాలి?

ప్రశ్న (కొరిటెపాడు, గుంటూరు)

అందరికీ నమస్కారం. పండగ పిండివంటలకు పనికొస్తుందని పెరటి వంటగదిలో ఇనుప రేకుతో నాలుగు వైపులా మూసిన కట్టెల పొయ్యి ఒకటి చేయించుకున్నాము. పొగ బయటికి పోయే మెడ ఐదు అంగుళాలు. దాని మీద మూడేసి అడుగుల జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుప రేకు) గొట్టాలు రెండు నిలబెట్టి, బెండు వేసి గోడలోంచి బయటికి తీసి, అక్కడ మరో బెండుతో పైకి లేపారు. గోడ బయట మాత్రం దొరికిందని నాలుగు అంగుళాల గొట్టం వేశారు. నెల తిరగకముందే ప్రతి అతుకు దగ్గరా తారు లాంటి జిడ్డు కారి, వెల్ల వేసిన గోడ మీద చారలు కట్టింది. సందులకు పూసిన ఎపాక్సీ ముద్ద మాడి, పెళుసై రాలిపోయింది. పొగ పైకి పోయేది కాబట్టి కింది గొట్టం పై గొట్టంలోకి దూరాలని బిగించినాయన చెప్పగా, నాకూ అది సబబుగానే తోచింది. లోపం ఎక్కడుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఆటోనగర్, విజయవాడ)

లోపం సరిగ్గా ఆ మాటలోనే ఉందండీ. పొగ పైకి పోయే మాట నిజమే గాని, పొగలోని ఆవిరి చల్లని రేకుకు తగిలి చిక్కటి జిడ్డుగా మారి కిందికి దిగుతుంది. మీ డాబా మీద నుంచి వాన నీరు దిగే గొట్టాన్ని ఒకసారి చూడండి: పై ముక్క కింది ముక్కలోకి దూరి ఉంటుంది. పొయ్యి గొట్టానికీ అదే పద్ధతి. ముడతలు పెట్టి సన్నం చేసిన చివర ఎప్పుడూ పొయ్యి వైపు, అంటే కిందికి ఉండాలి. మొట్టమొదటి ముక్క పొయ్యి మెడ లోపలికే దిగాలి. అప్పుడు కారిన జిడ్డు లోలోపలే జారి మళ్ళీ నిప్పులో పడి కాలిపోతుంది. పొగ సందులోంచి వస్తుందన్న భయం అక్కరలేదు, ఎందుకంటే గొట్టం బాగా లాగుతున్నప్పుడు సందులు బయటి గాలినే లోపలికి పీలుస్తాయి. ప్రతి అతుకుకూ చుట్టూ సమదూరంలో మూడు స్క్రూలు బిగించి, ఎపాక్సీకి బదులు కొలిమికి వాడే ఫైర్ సిమెంట్ పూయండి. గోడలోంచి పోయే అడ్డ ముక్క అడుగుకు పావు అంగుళం చొప్పున బయటి వైపుకు ఎగువగా ఉండాలి.

జవాబు (తెనాలి)

పై వారు చెప్పినది అక్షరాలా నిజం, కానీ గొట్టం తిప్పి బిగించినంత మాత్రాన మీ బాధ తీరదు. ఐదు అంగుళాల మెడకు నాలుగు అంగుళాల గొట్టం వేస్తే పొగ పోయే దారి మూడింట ఒక వంతుకు పైగా తగ్గిపోతుంది. మెడ ఎంత ఉంటే గొట్టం చివరిదాకా అంతే ఉండాలి. జి.ఐ. కూడా మార్చండి: దాని మీది జింకు పూత 419 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, బాగా వేడెక్కితే వచ్చే ఆవిరి ఒంటికి మంచిది కాదు. నల్ల ఇనుప రేకుది గాని, స్టెయిన్‌లెస్ స్టీలుది గాని వేయించుకోండి. గోడ రంధ్రంలో గొట్టాన్ని నేరుగా సిమెంటుతో మెత్తకండి, వేడికి సాగి గోడ బీటలు తీస్తుంది. కాస్త పెద్ద గొట్టం ముక్కను తొడుగులా ముందు గోడలో అమర్చి, మధ్య సందులో సిరామిక్ ఊలు (వేడికి కాలని దూది లాంటిది) కూరండి. కిటికీ చెక్క గాని, తలుపు చెక్క గాని గొట్టానికి 18 అంగుళాల లోపు ఉండకూడదు.

జవాబు (మొగల్రాజపురం, విజయవాడ)

కప్పు నుంచి గొట్టం ఎంత ఎత్తు లేచిందో మీరు రాయలేదు. కప్పు దాటాక కనీసం మూడు అడుగులు లేవాలి. పది అడుగుల లోపు ఏ గోడ ఉన్నా దానికన్నా రెండు అడుగులు ఎత్తుండాలి. పక్కింటి మేడ ఆనుకొని ఉంటే గాలి దాన్ని కొట్టుకొని మీ గొట్టంలోకి తిరిగి దిగుతుంది. తలుపులు మూసి వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినా అంతే, పొగ వెనక్కి వస్తుంది. దానితో వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు కనుక కిటికీ తీసే ఉంచండి. ఇక తడి కట్టెలు కాల్చినంత కాలం జిడ్డు ఆగదు. తుమ్మ కట్టెలు చీల్చి, ఎండాకాలమంతా ఎండబెట్టినవి వాడండి. లోపల జిడ్డు పేరుకుంటే అదే అంటుకొని గొట్టం మొత్తం మండుతుంది. గుంటూరు వారు కనుక ఒక్క మాట: కాయలు మిగిలిన మిరప కట్టెతో మాత్రం గొట్టాన్ని పరీక్షించకండి, వీధంతా దగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పాత గొట్టం విప్పితే రెండో బెండులో వేలెడు మందాన మసి గట్టిపడి ఉంది. ఐదు అంగుళాల నల్ల రేకు గొట్టాలు చేయించి, ముడత చివరలు కిందికి పెట్టి బిగించాము. పొయ్యి రాజేసి, అగరొత్తి వెలిగించి ఒక్కో అతుకు దగ్గర పట్టుకున్నాను. అన్నిచోట్లా ఆ సన్నటి పొగ సందులోకి వంగింది, మొదటి బెండు దగ్గర తప్ప. అక్కడ ఒక స్క్రూ వదులుగా ఉంది. రేపు పొయ్యి చల్లారాక బిగించి, మళ్ళీ అగరొత్తితో చూస్తాను.