రంగులేసిన బొమ్మ కింద పీఠం: థర్మోకోల్ కరిగిపోయింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్తే. 75 మి.మీ. ఎత్తు రెజిన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) బొమ్మ, చేతిలో విల్లు పట్టుకున్న విలుకాడు. రెండు నెలలుగా రాత్రిళ్లు కూర్చుని రంగులేశాను. బొమ్మ బాగానే వచ్చింది, ఈసారి ఇంట్లోవాళ్లు కూడా "ఎన్నాళ్లీ ఆటలు" అనలేదు. గొడవంతా పీఠం దగ్గరే. మన హైదరాబాద్ చుట్టుపక్కల ఉండే గుండ్రాళ్ల మీద నిలబడ్డట్టు చేద్దామని, టీవీ డబ్బాలో వచ్చిన థర్మోకోల్ కోసి సూపర్ గ్లూతో అతికించి పైన స్ప్రే ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) కొట్టాను. కళ్లముందే కుంగిపోయింది, సగం రాయి, సగం గొయ్యి. పైగా బొమ్మ పాదాలు రెండుసార్లు ఊడాయి, రెండోసారి మడమ దగ్గర రంగు కూడా లేచొచ్చింది. ఈ గొయ్యి పుట్టీతో పూడ్చి నెట్టుకురావచ్చా, మొదటినుంచి చేసుకోవాలా? వచ్చే నెల మేనల్లుడి పుట్టినరోజుకి ఇవ్వాలి. నా దగ్గర కట్టర్, సాండ్ పేపర్, చిన్న చేతి డ్రిల్ ఉన్నాయి, అంతే.

జవాబు

తమ్ముడూ, పారెయ్. పూడ్చినా లోపల డొల్లగానే ఉంటుంది. థర్మోకోల్‌కి స్ప్రే డబ్బాల్లో ఉండే ద్రావకం పడదు, మామూలు సూపర్ గ్లూ కూడా తినేస్తుంది. అందరం ఒకసారి కరిగించినవాళ్లమే, టెన్షన్ పడకు. వాడక తప్పదనుకుంటే ఫెవికాల్‌తోనే అతికించి, ఫెవికాల్‌లో నల్ల యాక్రిలిక్ రంగు కలిపి బ్రష్‌తో రెండు పూతలు వేసి, ఒక్క సందు కూడా మిగలకుండా మూసేశాకే స్ప్రే జోలికెళ్లాలి. అయినా రాళ్లకి థర్మోకోల్ వద్దంటాను, విరిచినచోట పూసలు పూసలుగా కనబడుతుంది, ఎంత రంగేసినా అది రాయి కాదు.

కార్క్ షీటు తెచ్చుకో, లేదా దళసరి చెట్టు బెరడు. కార్క్‌ని కట్టర్‌తో కోయకు, చేత్తో తుంచు. కోస్తే కేక్ ముక్కలా ఉంటుంది, తుంచితే రాయి విరిగినట్టు వస్తుంది. కాకపోతే నీకు కావలసినవి గుండ్రాళ్లు కదా, వాటికి ఎం-సీల్ నయం. రెండు ముద్దలూ సమానంగా కలిపి, వేళ్లు తడి చేసుకుని ఉండలు చుట్టి, పైన నలిపిన అల్యూమినియం ఫాయిల్‌తో అద్దు. ఆ గరుకు అచ్చం గ్రానైట్‌లా పడుతుంది. గంటలో బిగుస్తుంది కానీ రంగుకి మర్నాటిదాకా ఆగు.

మరో జవాబు

అన్న చెప్పింది సరే, కానీ అసలు పీఠం సంగతి ఎవరూ అడగలేదు. రాళ్లు దేనిమీద పెడుతున్నావు బ్రో? అట్టముక్క మీదైతే ఫెవికాల్ ఆరేటప్పుడు విల్లులా వంగుతుంది, నాకు జరిగింది. ఫర్నిచర్ షాపుల వెనక లేత్ మీద చెక్క తిప్పేవాళ్లుంటారు, 50 మి.మీ. అడ్డకొలత, 60 మి.మీ. ఎత్తు టేకు దిమ్మె కావాలని అడుగు, తుక్కు ముక్కల్లోనే తీసి ఇస్తారు. ముందు చెక్కకి వార్నిష్ వేసి, పక్కలంతా పేపర్ టేపు చుట్టి, ఆ తర్వాతే పైన పని మొదలుపెట్టు. చివర్లో టేపు లాగినప్పుడు శుభ్రమైన అంచు బయటపడుతుంది చూడు, సగం అందం అక్కడే ఉంది.

పీఠం పెద్దదైతే బాగుంటుందనుకోకు. ఖాళీ ఎక్కువైతే దాన్ని నింపాలనిపిస్తుంది, ఒక కుండ, ఒక పుర్రె, ఒక పాము... చివరికి విలుకాణ్ణి వెతుక్కోవాలి.

జవాబు

నేను పాదాల గురించి చెప్తాను. రెజిన్ బొమ్మని గ్లూతో మాత్రమే నిలబెట్టడం జరిగే పని కాదండీ, పిన్ను వేయాల్సిందే, అంటే పాదంలోంచి రాయిలోకి దిగే సన్న తీగ. బొమ్మని మెత్తటి గుడ్డలో చుట్టి పట్టుకుని, మడమలోంచి పైకి 1 మి.మీ. బిట్‌తో ఓ 6, 7 మి.మీ. లోతు నెమ్మదిగా తొలవండి, వంకరపోతే చీలమండ పక్కనుంచి బయటికొచ్చేస్తుంది. ఆ రంధ్రంలో ఇత్తడి తీగ గుచ్చి అతికించండి, అది లేకపోతే పేపర్ క్లిప్ ముక్క చాలు. రాయి మీద రంధ్రం ఎక్కడ పెట్టాలో తెలియడానికి, తీగ కొసకి చుక్క తెల్ల రంగు పెట్టి బొమ్మని కావలసిన చోట ఆనించండి, గుర్తు పడుతుంది. రెండు కాళ్లకీ వేస్తే గట్టిగా ఉంటుంది కానీ రెండు రంధ్రాలూ కుదరడం కష్టం, బరువు మోసే కాలికి ఒకటి వేసినా ఆగుతుంది. రెజిన్ తొలిచేటప్పుడు వచ్చే పొడి పీల్చకండి, మాస్క్ పెట్టుకోండి.

రంగు లేచినచోట కంగారేం లేదు. పాదం చుట్టూ కాస్త మట్టీ గడ్డీ వచ్చేస్తాయి కదా, మడమ అందులో దాగిపోతుంది. రాయి మీద చదునుగా అతికించినట్టు కాకుండా పాదం కొంచెం దిగినట్టు కూడా ఉంటుంది.

అడిగినవారు

అందరికీ థాంక్స్. టేకు దిమ్మె చెప్పేశాను. ఇంకో రెండు సందేహాలు. మట్టికి మా పెరట్లో ఎర్రమట్టి ఉంది, అదే చల్లేస్తే నిజమైన రంగే కదా, మళ్లీ రంగెందుకు? రాళ్ల పక్కన చిన్న నీటిగుంట కూడా పెడదామనుకుంటున్నా, ఎపాక్సీ రెజిన్ (రెండు సీసాల్లోవి కలిపితే గాజులా గట్టిపడే ద్రవం) పోస్తే చాలా?

జవాబు

మట్టి వాడొచ్చు, టీ జల్లెడలో జల్లించి వాడు. 75 మి.మీ. బొమ్మ అంటే నిజం మనిషిలో దాదాపు 24వ వంతు, అంటే 1 మి.మీ. ఇసుక రేణువు నీ విలుకాడికి 24 మి.మీ. గులకరాయి. జల్లించకుండా చల్లితే పాపం కంకర గుట్ట మీద నిలబడతాడు. ఇక రంగు ఎందుకంటే, మట్టి ఫెవికాల్ పీల్చుకుని ముదురుగా మచ్చలు మచ్చలుగా ఆరుతుంది, చేత్తో రంగేసిన బొమ్మ పక్కన ఆ నిజం మట్టే అబద్ధంలా కనబడుతుంది. ముదురు గోధుమరంగు పల్చగా పారించి, ఆరాక ఎరుపు కలిసిన లేత రంగు బ్రష్‌కి అద్ది, దాదాపు మొత్తం కాగితం మీద తుడిచేసి, మిగిలిన కాస్తతో పైపైన రుద్దు. గట్టు అంచులే పట్టుకుంటుంది, పల్లాల్లో ముదురు రంగు ఉండిపోతుంది. రాళ్లకీ ఇదే పద్ధతి. ఉత్త బూడిదరంగు వేయకు, మన గుండ్రాళ్లలో గులాబీ ఛాయ ఉంటుంది, వాననీళ్లు కారినచోట నల్లటి చారలుంటాయి. ఓసారి బయటికెళ్లి చూసొచ్చి వేయి.

గడ్డికి కొనక్కర్లేదు, జనపనార తాడు పీచు విప్పి చిన్న కుచ్చులుగా కోసి ఫెవికాల్‌లో గుచ్చు. రాలిన ఆకులకి వాడేసిన టీ పొడి, ఎండలో గలగలమనేదాకా ఆరబెట్టినదైతేనే, లేదంటే బూజు పడుతుంది.

నీటిగుంట మాత్రం నా ఓటు వద్దనే. మొదటిసారే ఎందుకు? పెట్టి తీరాలంటే గుంట అడుగునీ అంచుల్నీ ముందు వార్నిష్‌తో మూసెయ్, లేకపోతే మట్టిలోని గాలి బుడగలుగా పైకొస్తుంది, రెజిన్ సందుల్లోంచి కారి టేకు మీద జారుతుంది. రెండు సీసాలూ డబ్బా మీద చెప్పిన పాళ్లలో కొలిచే కలపాలి, కంటి కొలత పనికిరాదు, తేడా వస్తే వారమైనా జిగటగానే ఉంటుంది. ఒకేసారి నింపకు, 2, 3 మి.మీ. పొరలుగా పోసి, పైన గిన్నె బోర్లించు. మాది దుమ్ము ఊరు, ఓసారి గిన్నె మర్చిపోతే పొద్దున్నకి అందులో ఒక దోమ, ఇప్పటికీ అలమారలో అలాగే ఉంది.

అడిగినవారు

దోమ కథ విన్నాక గుంట మానేశాను. ఎం-సీల్ గుండ్రాళ్లు మూడు చేశా, నిన్న పిన్నుతో నిలబెట్టా, దిమ్మె తలకిందులు చేసి ఊపినా కదల్లేదు. విలుకాణ్ణి తిన్నగా ముందుకి కాకుండా కాస్త ఎడమకి తిప్పి పెట్టాను, బాణం వదిలే దిక్కున ఖాళీ ఉండేలా. రంగు కూడా అయిపోయింది. ఈ రాత్రి మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే కొట్టేస్తే పూర్తయినట్టే. మా దగ్గర పొద్దుట్నుంచి ముసురు, పర్లేదుగా?

జవాబు

ఆగు ఆగు! ముసురులో మ్యాట్ స్ప్రే కొడితే బొమ్మంతా తెల్లగా బూడిద పూసినట్టు అవుతుంది, రెండు నెలల పని. ఎండ వచ్చేదాకా ఆగు, లేదా నీళ్లతో పల్చన చేసే యాక్రిలిక్ మ్యాట్ వార్నిష్ బ్రష్‌తో పల్చగా వేసుకో. ఏదైనా ముందు పనికిరాని ముక్క మీద.