అప్‌డేట్: మేకు దిగిన టైరు సంగతి

రావులపాలెం నుంచి అమలాపురం వెళుతుంటే కారు వెనక ఎడమ టైరులో మేకు దిగిందని, పంక్చరు వేయించాలా, కొత్తది కొనాలా అని పోయిన వారం అడిగాను. మేకు నేలకు ఆనే భాగంలోనే ఉంది, రంధ్రం 6 మిల్లీమీటర్ల లోపే కాబట్టి అతికిస్తే చాలని ఎక్కువ మంది అన్నారు. నేనూ అదే నమ్మి పంక్చరు షాపుకు వెళ్లాను.

సబ్బునీళ్లు పోయగానే మేకు చుట్టూ బుడగలు లేచాయి. షాపు పెద్దాయన బయటి నుంచే రంధ్రంలో రబ్బరు తాడు దూర్చి పంపించేస్తాడనుకున్నాను. ఆ పెద్దాయన మాత్రం టైరును రిమ్ము నుంచి విప్పాల్సిందేనన్నాడు. విప్పాక లోపల చేయి పెట్టి చూపించాడు. వేళ్లకు కాటుకలా నల్లటి రబ్బరు పొడి! టైరు పక్క గోడ (సైడ్‌వాల్) లోపలివైపు చుట్టూ గీత పడింది.

తప్పు నాదే. ఒక పక్క కాలువ, ఇంకో పక్క కొబ్బరితోట, ఆపడానికి చోటు లేక గాలి పోయిన టైరు మీదే రెండు కిలోమీటర్లు నడిపాను. (ఈ ముక్క మీకు చెప్పనే లేదు, క్షమించండి.) కారు బరువంతా పడి పక్క గోడ నలిగిపోయింది. దానికి అతుకు పనికిరాదట.

కొత్తది కొన్నాను. పనిలో పనిగా స్టెప్నీ చూస్తే దాని మీద 3214 అని ఉంది, అంటే 2014లో 32వ వారం తయారీ. దాన్నీ మార్చేశాను. జేబుకు పడిన చిల్లుకు మాత్రం ఇంకా మందు దొరకలేదు.