డ్రిప్ పైపులో ఐ-3 పడిపోయింది, ఫ్రీ వాల్యూమ్ తగ్గినట్టేనా?

చీనీతోట_ఫిజిక్స్:
అన్నా, మాది అనంతపురం పక్క పల్లె, పాలిమర్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నా. మా చీనీ తోటలో నాలుగేళ్ల నాటి డ్రిప్ లేటరల్స్ (చెట్ల వరుసల వెంట పరిచే సన్న పైపులు) ఈ ఎండలకి కొంచెం వంచితే చాలు పటక్‌మని విరుగుతున్నాయి, నాయన తిట్టుకుంటా గట్టు మీద పారేస్తుంటే ఒక ముక్క తెచ్చి పాజిట్రాన్ లైఫ్‌టైమ్ (లోపలికి పంపిన పాజిట్రాన్లు ఎంతసేపు బతుకుతాయో కొలిచే పరీక్ష) తీయించినా. కొత్త పైపుకీ దీనికీ టావ్-3, అంటే అణువుల సందుల్లో చిక్కినవాటి ఆయుష్షు, దాదాపు ఒకటే, 2.5 నానోసెకన్ల దగ్గరే ఉంది, ఐ-3, అంటే అలా చిక్కినవాటి వాటా, మాత్రం బాగా పడిపోయింది. ఏజింగ్ వల్ల ఫ్రీ వాల్యూమ్ (అణువుల మధ్య ఖాళీ) తగ్గిందని రాసేయొచ్చా? నాకెందుకో తేడా కొడుతోంది.

బోరు_మోటారు:
పైపుకి కూడా స్కానింగా సామీ 😀 మా కాడ ఎలుకలు కొరికిందే ఏజింగు. ఇంతకీ ఆ పాజిట్రాన్ లోపలికి పోయి ఏం చేస్తాది?

చీనీతోట_ఫిజిక్స్:
పెట్ స్కాన్‌లో వాడేదే అన్నా, ఎలక్ట్రాన్‌కి వ్యతిరేక కణం. సోడియం-22 నుంచి పాజిట్రాన్ వచ్చేటప్పుడే 1274 కేఈవీ గామా ఒకటి వస్తుంది, అది గడియారానికి స్టార్ట్. ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమైనప్పుడు 511 కేఈవీ గామా, అది స్టాప్. కొన్ని పాజిట్రాన్లు ఎలక్ట్రాన్‌తో జతకట్టి పాజిట్రోనియం అయ్యి అణువుల మధ్య సందుల్లో దూరతాయి, అందులో ఆర్థో రకం శూన్యంలో అయితే 142 నానోసెకన్లు బతుకుతుంది, సందులో గోడ ఎలక్ట్రాన్లు తగిలి తొందరగా పోతుంది. సందు పెద్దదైతే ఆయుష్షు ఎక్కువ, 2.5 అంటే 0.33 నానోమీటర్ల రేడియస్ లెక్క.

పాత_స్కాలర్_కడప:
రాయొద్దు తమ్ముడూ, వైవాలో దొరికిపోతావ్. టావ్-3 మారలేదంటే సందుల సైజు మారలేదు. ఐ-3 అనేది సందుల లెక్క ఒక్కటే కాదు, అసలు పాజిట్రోనియం ఎంత పుట్టిందనేది కూడా అందులోనే ఉంటుంది. ఎండకి పాలిథిలీన్ ఆక్సిడైజ్ అయ్యి కార్బొనిల్ గ్రూపులు వస్తే అవి ఎలక్ట్రాన్లని ముందే లాగేసుకుంటాయి, పాజిట్రోనియం పుట్టుకే తగ్గుతుంది, సందులు ఎక్కడివక్కడే ఉన్నా ఐ-3 పడుతుంది. నల్ల పైపులో వేసే కార్బన్ బ్లాక్ కూడా అదే పని చేస్తుంది, కొత్త పైపు వేరే కంపెనీదైతే ఆ పోలికే చెల్లదు.

ఇంకోటి, ఫ్రీ వాల్యూమ్ మెల్లగా కుదించుకుపోయే ఫిజికల్ ఏజింగ్ అనేది టీజీకి (అంతకన్నా చల్లబడితే పాలిమర్ గాజులా బిగుసుకుపోయే ఉష్ణోగ్రత) కింద ఉండే గ్లాసీ పాలిమర్ల కథ. లేటరల్స్‌కి నీళ్లిచ్చే మీ సబ్‌మెయిన్ పైపు పీవీసీ, దాని టీజీ 80 డిగ్రీల దగ్గర, దానికి ఆ మాట సరిపోతుంది. లేటరల్ పాలిథిలీన్, టీజీ సున్నాకి చాలా కింద, అక్కడ జరిగింది కెమికల్ ఏజింగ్, చైన్లు తెగడం. అన్నట్టు సోర్స్ వైపు ఏ ముఖం పెట్టినావ్? పాజిట్రాన్లలో ఎక్కువ భాగం పావు మిల్లీమీటర్ లోపలే ఆగిపోతాయి, ఎండ దెబ్బ ఉండేది పైపొరలో, లోపలి ముఖం పెట్టుంటే నువ్వు చూసింది వేరే కథ.

చీనీతోట_ఫిజిక్స్:
అయ్యో, కోసి చదును చేసినాక ఏది బయటిదో గుర్తే పెట్టుకోలేదన్నా. లోపల ఉప్పు కట్టి తెల్లగా ఉండింది, అది కూడా కడిగేసినా 🤦 కొత్త పైపు కూడా వేరే కంపెనీదే.

పాత_స్కాలర్_కడప:
అంగట్లో కొత్త పైపు కొనాల్సిన పనే లేదు. లేటరల్ సబ్‌మెయిన్‌కి తగులుకునే టేకాఫ్ దగ్గర మట్టిలో పూడుకుపోయిన మూరెడు ముక్క ఉంటుంది చూడు, అదే పైపు, అదే కార్బన్ బ్లాక్, అదే నాలుగేళ్లు, ఎండ ఒక్కటే తగల్లేదు. అది కోసుకో, బయటి ముఖం మీద గీత పెట్టుకో.

చీనీతోట_ఫిజిక్స్:
ఆదివారం ఊరికి పోతాండా. నాయన కొత్త లేటరల్స్ ఎక్కించేలోపు తవ్వుకోవాల.