వరదలో మునిగిన సీడీలకు ఏ ట్రాన్స్‌పోర్ట్ (డిస్క్ చదివే మెషిన్) కొనాలి?

సింగ్‌నగర్ శ్రోత:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్ళు మా కింది వాటాలోకి వచ్చేశాయి. హాల్లో ఉన్న సీడీ ప్లేయర్, దాని కింద అరల్లో నాన్నగారి నూట నలభై సీడీలు రోజుల తరబడి మునిగే ఉన్నాయి. యాంప్లిఫయర్, స్పీకర్లు, టాపింగ్ ఈ30 డ్యాక్ (డిజిటల్ సిగ్నల్‌ను యాంప్లిఫయర్‌కి పనికొచ్చే మామూలు ఆడియోగా మార్చే పెట్టె) పైన నా గదిలో ఉండబట్టి దక్కాయి.

నీళ్ళు తీశాక చూస్తే అట్టలు, లోపలి పుస్తకాలు ముద్దయిపోయాయి. అమ్మ మాత్రం ఒక్క డిస్క్ కూడా పారేయనివ్వలేదు. ట్యాంకర్ నీళ్ళు బకెట్‌లో పట్టి, ఒక్కొక్కటీ ముంచి తీసి, వంటింట్లో కంచాలు నిలబెట్టే స్టీలు స్టాండులో వరసగా ఆరబెట్టింది. ఆ ఇంట్లో ముందుగా శుభ్రపడిన వస్తువులు అవే.

పాత ప్లేయర్ బాగుచేస్తానని పట్టుకెళ్ళిన మెకానిక్ మూడు నెలలు ఉంచుకుని తిరిగిచ్చాడు. తెరిచి చూస్తే లోపల లెన్స్ యూనిట్టే లేదు. దాని మీద ఆశ వదిలేశాను.

డ్యాక్ ఎలాగూ ఉంది కాబట్టి పూర్తి ప్లేయర్ అక్కర్లేదు, డిస్క్ చదివి డిజిటల్ సిగ్నల్ ఇచ్చే ట్రాన్స్‌పోర్ట్ చాలు అనుకుంటున్నాను. కేంబ్రిడ్జ్ ఆడియో సీఎక్స్‌సీ, ఆడియోల్యాబ్ 6000సీడీటీ చూశాను. జపాన్ నుంచి వచ్చే పాత ప్లేయర్లూ కనిపిస్తున్నాయి. ఫోన్‌లో వినొచ్చు కదా అనకండి. నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. డిస్క్ చేత్తో పట్టుకుని, పెట్టి, బటన్ నొక్కి వినడం ఆయన అలవాటు. నాకు కావలసింది రెండే: దెబ్బతిన్న డిస్కులను వీలైనంత చదవాలి, పాడైతే ఈ చుట్టుపక్కల బాగుచేయించుకోగలగాలి.

పటమట:

ముందు ఖర్చు లేని పని చేయండి. ఎవరింట్లోనైనా మూలపడిన డీవీడీ ప్లేయర్ తెచ్చుకోండి. వెనక నారింజ రంగు సాకెట్ ఉంటే అది కోయాక్సియల్ డిజిటల్ అవుట్, అంటే డిజిటల్ సిగ్నల్ వైరు మీద బయటికిచ్చేది. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 వైరు 75 ఓమ్‌లదే, డిజిటల్‌కి కావలసిందీ అదే. రెండు చివరలా ఆర్‌సీఏ పిన్నులు వేయించి డ్యాక్‌కి పెట్టండి. నేను నాలుగేళ్ళుగా అలాగే వింటున్నాను, నాకు లోటేమీ తెలియలేదు.

బ్రాడీపేట, గుంటూరు:

అబ్బాయ్, కొనే ముందు డిస్కుల సంగతి చూడు. నేను పాతికేళ్ళుగా ఈ మెషిన్లు విప్పుతున్నాను. అందరూ మెరిసే వైపు గీతలు చూసి కంగారు పడతారు. అటువైపు 1.2 మిల్లీమీటర్ల పాలీకార్బనేట్ ఉంటుంది, అది గట్టిదే. ప్రాణం ఉన్నది బొమ్మ వేసిన వైపు. అక్కడ వార్నిష్ లాంటి పల్చటి లక్కర్ పూత, దాని కిందే అల్యూమినియం పొర. ఆ పూత లేచి తడి లోపలికి పోతే అల్యూమినియాన్ని తినేస్తుంది. అది పోయిన చోట లేజర్ వెనక్కి రావడానికి ఏమీ ఉండదు, ఎంత ఖరీదు మెషిన్ అయినా చదవలేదు.

చీకటి గదిలో డిస్క్ వెనక టార్చి పెట్టి చూడు. సూదిపోటంత వెలుగు చుక్కలు అక్కడక్కడా కనబడితే భయం లేదు. సీడీలో తప్పులు దిద్దే లెక్క ముందే రాసి ఉంటుంది, ట్రాక్ (డిస్క్ మీద చుట్లు చుట్లుగా రాసి ఉన్న గీత) వెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్ల వరకు పోయినా అది పూర్తిగా పూడుస్తుంది. అంతకు మించితే అటూ ఇటూ ఉన్నదాన్ని బట్టి అంచనా వేసి నింపుతుంది, ఇంకా మించితే టక్కుమంటుంది. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తుడువు, గుండ్రంగా వద్దు. గుండ్రటి గీత ట్రాక్ వెంటే పోతుంది కాబట్టి దిద్దుబాటుకు అందదు.

ఇక మెషిన్. నువ్వు చెప్పిన రెండూ మంచివే. 6000సీడీటీకి డిస్క్ లోపలికి లాక్కునే స్లాట్, సీఎక్స్‌సీకి ట్రే. నీ డిస్కులకు ట్రేయే తీసుకో. అంచుల్లో ఎక్కడో బురద మిగిలే ఉంటుంది, స్లాట్‌లో రబ్బరు రోలర్లు దాన్ని డిస్క్ అంతా పూస్తాయి. జపాన్ సరుకు 100 వోల్టులది, తెలియక మన 230లో పెడితే ఆ క్షణమే పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పాతది కొనాలనే ఉంటే సోనీ కేఎస్ఎస్-213 రకం లెన్స్ ఉన్నది చూసుకో, దానికి స్పేర్లు ఇంకా వస్తున్నాయి.

ఇంకొకటి. వరద తర్వాత ఎర్తింగ్ గుంట చూపించారా? స్పీకర్లలో హమ్మింగ్ వస్తే కోయాక్సియల్ తీసి ఆప్టికల్ వైరు పెట్టు. అందులో పోయేది వెలుతురే, కరెంటు కాదు కాబట్టి ఎర్త్ గొడవ అటునుంచి ఇటు రాదు.

మంగళగిరి:

పెద్దాయన చెప్పినవన్నీ నిజమే. దానికి ఒకటి కలుపుతాను. ట్రాన్స్‌పోర్ట్ మామూలుగా పాట నడుస్తుండగానే చదవాలి, ఒకచోట ఆగి పదిసార్లు ప్రయత్నించే తీరిక దానికి పెద్దగా ఉండదు. కంప్యూటర్ డ్రైవ్‌కి ఉంటుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత ప్రోగ్రామ్ అనుమానం ఉన్న చోట మళ్ళీ మళ్ళీ చదివి, ఇతరులు తీసిన కాపీలతో సరిపోల్చి చెబుతుంది. అల్యూమినియం పొర పాడవడం మొదలైతే ఆగదు, కాబట్టి ముందు కాపీలు తీసేయండి. ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గకుండా సైజు తగ్గించే ఫైలు రకం) పెడితే నూట నలభై సీడీలకు యాభై జీబీ అటూ ఇటూ అవుతుంది. పోయిన వాటిని మళ్ళీ సీడీ-ఆర్ (ఇంట్లో రాసుకునే ఖాళీ సీడీ) మీద రాసి నాన్నగారికి ఇవ్వొచ్చు.

సింగ్‌నగర్ శ్రోత:

పది రోజులు పట్టింది, క్షమించండి. ముగ్గురు చెప్పిందీ చేశాను.

టార్చి పరీక్ష అమ్మతో కలిసి రాత్రి పూట చేశాం. నూట నలభైలో పదకొండింటికి అంచు దగ్గర జల్లెడలా వెలుగు వచ్చింది. మిగతావి బాగానే ఉన్నాయి. సీడీ మధ్య నుంచి అంచుకు చదువుతుంది కాబట్టి ఆ పదకొండింటిలోనూ మొదటి పాటలు వస్తున్నాయి, చివరివే పోతున్నాయి.

తర్వాత పక్కింటి వాళ్ళ డీవీడీ ప్లేయర్, డిష్ వైరు. పటమట గారూ, శబ్దం విషయంలో మీ మాట నిజం, నేనూ తేడా పట్టలేకపోయాను. కానీ నాన్నగారికి ప్రాణమైన ఈమని శంకరశాస్త్రి గారి వీణ కచేరీ పెట్టాను. అందులో రాగం ఒక ట్రాక్, తానం ఒక ట్రాక్. రాగం చివరి స్వరం ఇంకా మోగుతుండగానే తానం అందుకోవాలి. ఆ ప్లేయర్ మధ్యలో అర సెకను ఖాళీ పెట్టింది. కళ్ళు మూసుకుని వింటున్న నాన్నగారు కళ్ళు తెరిచి "ఎవరు ఆపారు?" అన్నారు. ప్రతి డీవీడీ ప్లేయరూ అలా చేయకపోవచ్చు, మాకు దొరికింది చేసింది. అక్కడితో నిర్ణయం అయిపోయింది.

సీఎక్స్‌సీకి ఆర్డర్ పెట్టాను. ట్రే ఉండటం ఒక కారణం, అది సీడీ తప్ప ఇంకేదీ ఆడించకపోవడం ఇంకో కారణం. నాన్నగారు నొక్కాల్సిన బటన్లు తక్కువ. ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తే ఎర్తింగ్ గుంటలో మట్టి కూరుకుపోయి ఉందన్నాడు, తవ్వి ఉప్పు, బొగ్గు కొత్తగా వేయించాం.

కాపీలు రోజుకు ఏడెనిమిది చొప్పున తీస్తున్నాను. పదకొండింటిలో నాలుగు నా డ్రైవ్‌లో పూర్తిగా వచ్చాయి, ఏడు రాలేదు. బ్రాడీపేట మాస్టారూ, మీ దగ్గర వేరే రకం డ్రైవులు ఉంటే ఆ ఏడూ పట్టుకుని ఆదివారం గుంటూరు వస్తాను. ఏ వేళకు రమ్మంటారు?

బ్రాడీపేట, గుంటూరు:

పది గంటలకు రా. మూడు డ్రైవులు ఉన్నాయి, మూడింటిలోనూ చూద్దాం. డిస్కులు ఒకదాని మీద ఒకటి పెట్టి తేకు, మధ్యలో మెత్తటి గుడ్డ వెయ్యి. వీలైతే నాన్నగారినీ తీసుకురా.